జింక కనబడక ముందే కుదరాల్సిన గురి

టెక్సాస్‌లో జింకల వేట సాధారణ సీజన్ ఏటా నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్లలోనూ కొందరు ఆ సీజన్ కోసం ఎదురు చూస్తుంటారు. ఆఫీసులో ఎవరో తమ పొలానికి పిలుస్తారు, లేదా నలుగురు స్నేహితులు కలిసి వేట కోసం ఒక పొలం లీజుకి తీసుకుంటారు. మోజుపడి ఒక లీవర్ యాక్షన్ రైఫిల్ కొంటారు, అంటే ట్రిగ్గర్ దగ్గరి లీవర్‌ని దించి మూస్తే తర్వాతి తూటా ఎక్కేది. తేలిగ్గా ఉంటుంది, చేతికి ఒదుగుతుంది, పొదల్లో తిరగడానికి అనువైనది, భుజాన్ని మరీ గట్టిగా తన్నదు. మొదటి రైఫిల్‌గా మంచి ఎంపికే.

తేడా వచ్చేది ఆ తర్వాతే. అక్టోబరు చివరి వారంలో షాపులో ఏ తూటాల పెట్టె కనబడితే అది కొని, రేంజ్‌లో నాలుగు కాల్చి, అట్టకి తగిలాయి కదా అని సీజన్ తొలిరోజే పొలంలోకి దిగేవాళ్లు ఉన్నారు. అలా కాల్చిన బుల్లెట్ జింక పొట్టలోనో కాలిలోనో దిగితే ఆ ప్రాణి పొదల్లో పడి గంటల తరబడి నరకం చూస్తుంది, ఒక్కోసారి రోజుల తరబడి. అలా జరగకుండా చూడటమే వేటకి వెళ్లే ప్రతివాడూ ముందు మోయాల్సిన బాధ్యత.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. బుల్లెట్ ఎంచుకోవడం, గురి కుదుర్చుకోవడం రెండు వేరువేరు పనులు కావు. రైఫిల్‌కి ఒక తూటా నిర్ణయించి, ఆ తూటాకే గురి కుదిర్చి, మీరు ఎంత దూరం వరకు కాల్చగలరో తేల్చుకోవాలి. అప్పుడే అది వేటకి పనికొచ్చే రైఫిల్. ఉద్యోగం చేసుకునేవాళ్లకి మూడు శనివారాలు దొరికితే ఈ పని పూర్తవుతుంది.

ముందు వీసా, తర్వాతే రైఫిల్

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకని వేటాడటం నేరం. కాబట్టి ఇక్కడ రాసినదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని చట్టప్రకారం చేసే వేట గురించే.

హెచ్‌1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు ఈ విషయం బాగా గుర్తుపెట్టుకోవాలి. ఫెడరల్ చట్టం ప్రకారం వలసేతర వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకి గానీ, తూటాలు గానీ ఉండకూడదు. దీనికి మినహాయింపులు కొన్నే. అందులో ముఖ్యమైనది, చట్టబద్ధంగా తీసుకున్న, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండటం. స్నేహితుడి రైఫిల్ రేంజ్‌లో కాసేపు పట్టుకున్నా అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. టెక్సాస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. దాన్ని కొత్తది చేయించుకోవడం మరిచిపోయారంటే, సెప్టెంబరు 1 నుంచి మీ అల్మారాలో ఉన్న రైఫిలే మీ మీద నేరం అవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. మీ పరిస్థితి ఎలా ఉన్నా, కొనే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుని ఒక మాట అడగండి. ఇందులో పొరపాటు జరిగితే ఉద్యోగం, వీసా, కుటుంబం అన్నీ చిక్కుల్లో పడతాయి.

టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. రాష్ట్రాన్ని బట్టి తూటా నియమాలు కూడా మారతాయి. ఒహాయోలో రైఫిల్‌తో జింకల వేటకి నిటారు గోడల తూటాలే వాడాలి. లీవర్ యాక్షన్‌లలో ఎక్కువగా వాడే, మెడ సన్నగా ఉండే 30-30 తూటా అక్కడ కుదరదు. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం లేని తూటాలే వాడాలి. ఉద్యోగం మారి రాష్ట్రం మారినవాళ్లు పాత రాష్ట్రపు అలవాటుని నమ్ముకోకుండా, కొత్త రాష్ట్రపు వన్యప్రాణి శాఖ పుస్తకం తీసి చదవాలి.

ఇంకొకటి. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచే నేరుగా లీజుకి బయల్దేరాలని పొద్దున్నే రైఫిల్ కారులో పెట్టుకుని వెళ్లేవాళ్లు ఉంటారు. మీ కంపెనీ నియమం ఏమిటో, రాష్ట్ర చట్టం ఏమంటుందో తెలియకుండా ఆ పని చెయ్యకండి. ఇంటికి వెళ్లి తీసుకుంటే అరగంట ఆలస్యమవుతుంది, అంతే.

గొట్టంలో తూటాలు ఎలా పడుకుంటాయి

జాన్ బ్రౌనింగ్ రూపొందించిన విన్‌చెస్టర్ 1894 మోడల్‌తో లీవర్ యాక్షన్ రైఫిల్ అమెరికా వేటగాళ్లకి ఇంటింటి వస్తువైంది. దానికి 1895లో వచ్చిన 30-30 తూటా తోడైంది. ఆ మోడల్ రైఫిళ్లు 70 లక్షలకి పైగా తయారయ్యాయి. 1948లో మార్లిన్ 336 వచ్చింది. ఈ రెండూ, వీటి తోవలో నడిచిన హెన్రీ రైఫిళ్లలో చాలా భాగం, తూటాలని బ్యారెల్ కింద ఉండే గొట్టంలో దాచుకుంటాయి.

ఆ గొట్టం లోపల ఏముంటుందో ఒక్కసారి ఊహించండి. తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుని ఉంటాయి. ముందు చివరన ఉన్న స్ప్రింగు వాటన్నిటినీ వెనక్కి నొక్కుతుంటుంది. వెనక తూటా ముక్కు సరిగ్గా ముందు తూటా అడుగున ఉన్న ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. ప్రైమర్ అంటే దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న గిన్నె. రైఫిల్ పేలిన ప్రతిసారీ గొట్టంలోని తూటాలన్నీ ఒక్కసారిగా కుదుపుకి లోనవుతాయి. బుల్లెట్ ముక్కు సూదిగా, గట్టిగా ఉంటే ఆ కుదుపుకి ముందు తూటా గొట్టంలోనే పేలవచ్చు. మీ ఎడమ చెయ్యి ఉండేది ఆ గొట్టం మీదే.

అందుకే గొట్టపు మ్యాగజైన్‌లో చదును ముక్కు బుల్లెట్లే వాడాలి, లేదా అదే రకం రైఫిల్ కోసం తయారైన గుండ్రటి ముక్కువి. గట్టి మొన ఉన్నవాటిని దగ్గరికి రానివ్వకూడదు. హార్నడీ వాళ్ల లీవరెవల్యూషన్ తూటాల్లో మొన సూదిగానే కనిపిస్తుంది గానీ, అది వంగే మెత్తటి పాలిమర్‌తో చేసింది. గొట్టంలో వాడటానికే దాన్ని తయారుచేశారు. ఇది చూసి ఇంకో రకం ప్లాస్టిక్ మొన తూటా కూడా పనికొస్తుందని అనుకోవద్దు. పెట్టె మీద గొట్టపు మ్యాగజైన్‌కి తగినదని తయారీదారు రాసి ఉంటేనే కొనండి.

అన్ని లీవర్ యాక్షన్‌లకీ ఈ కట్టుబాటు లేదు. తిరిగే మ్యాగజైన్ ఉన్న సావేజ్ 99లో, పెట్టె మ్యాగజైన్ ఉన్న బ్రౌనింగ్ బి.ఎల్.ఆర్.లో సూది మొన తూటాలు వాడుకోవచ్చు. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలుసుకున్నాకే షాపుకి వెళ్లండి.

బరువు, నిర్మాణం, వేగం

షాపులో 30-30 తూటాల పెట్టెల మీద ఎక్కువగా కనిపించే అంకెలు 150, 170. అది బుల్లెట్ బరువు, గ్రెయిన్లలో. 150 గ్రెయిన్లంటే సుమారు 9.7 గ్రాములు, 170 అంటే 11 గ్రాములు. కంపెనీ లెక్కల్లో 150 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకి దాదాపు 2,390 అడుగుల వేగంతో బయల్దేరుతుంది, 170 గ్రెయిన్లది దాదాపు 2,200 అడుగులతో. ఈ లెక్కలు 24 అంగుళాల బ్యారెల్‌తో తీసినవి. మీ రైఫిల్ బ్యారెల్ 20 అంగుళాలదైతే వేగం కొంత తగ్గుతుంది. కాబట్టి పెట్టె మీది పట్టికని అంచనాగా చూడండి, మీ రైఫిల్ లెక్క మీ అట్ట మీదే తేలుతుంది.

జింక విషయంలో బరువు కన్నా నిర్మాణం ముఖ్యం. జింకకి వాడేది సాఫ్ట్ పాయింట్, అంటే సీసం గుండు మీద రాగి తొడుగు ఉండి ముక్కు దగ్గర మాత్రం సీసం బయటికి కనిపించేది. లోపలికి దిగగానే ముక్కు విచ్చుకుని గాయం వెడల్పవుతుంది, జింక త్వరగా పడిపోతుంది. రెమింగ్టన్ కోర్‌లాక్ట్, ఫెడరల్ పవర్‌షాక్, విన్‌చెస్టర్ పవర్ పాయింట్ ఈ కోవలోవే. ముక్కు దాకా మొత్తం తొడుగు కప్పేసిన బుల్లెట్లు విచ్చుకోకుండా సన్నటి చిల్లు చేసి అవతలికి వెళ్లిపోతాయి. చాలా రాష్ట్రాల్లో అవి జింకల వేటకి నిషిద్ధం. నిషేధం లేనిచోట కూడా వాటి జోలికి పోవద్దు. చిన్న జంతువుల కోసం చేసిన 125 గ్రెయిన్ల తేలిక బుల్లెట్లు పైపైనే విచ్చిపోతాయి కాబట్టి అవీ వద్దు.

ఇక 150 కొనాలా, 170 కొనాలా? తెల్లతోక జింకకి రెండూ చాలు. 150ది కొంచెం చదునుగా ప్రయాణిస్తుంది. 170ది దూరం పెరిగేకొద్దీ బలాన్ని కొంచెం ఎక్కువ నిలుపుకుంటుంది, ఎముక తగిలినా లోతుగా దిగుతుంది. ఉత్తరాది రాష్ట్రాల బరువైన మగజింకలకి, దట్టమైన అడవిలో దగ్గర నుంచి కాల్చేవాళ్లకి 170 వైపు మొగ్గు చూపమంటాను. టెక్సాస్ హిల్ కంట్రీలో జింకలు చిన్నవి, అక్కడ 150 సరిపోతుంది. కానీ ఈ మొగ్గు కన్నా మీ రైఫిల్ ఇష్టానికి ఎక్కువ విలువ ఇవ్వండి. ఒకే షాపులో ఒకే రోజు కొన్న రెండు రైఫిళ్లలో ఒకటి 150ని దగ్గర దగ్గరగా వేస్తుంది, రెండోది 170ని. కాల్చి చూస్తే తప్ప ఆ సంగతి తెలియదు.

ఆ మాంసాన్ని ఇంట్లో పిల్లలతో కలిసి తినేవాళ్లు సీసం సంగతి కూడా ఆలోచించాలి. సీసం గుండు విచ్చుకున్నప్పుడు కంటికి కనిపించని తునకలు గాయం చుట్టూ కొంత దూరం చెదురుతాయి. పూర్తి రాగితో చేసిన చదును ముక్కు బుల్లెట్లు 30-30కి దొరుకుతున్నాయి, బార్న్స్ వాళ్ల 150 గ్రెయిన్లది అలాంటిదే. ధర ఎక్కువ. సీసపుదే వాడితే గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ధారాళంగా కోసి పారెయ్యండి, చిన్నపిల్లలకి, గర్భిణులకి పెట్టే మాంసంలో అది కలవనివ్వకండి.

కొనే పద్ధతి

ఒకే రకం తూటాలు నాలుగు పెట్టెలు తెచ్చేసి, రైఫిల్‌కి అవి సరిపడకపోతే డబ్బు వృథా. ముందు రెండు మూడు రకాలు, రకానికి ఒక్క పెట్టె, అంటే 20 తూటాలు తీసుకోండి. రేంజ్‌లో ఒక్కో రకం మూడేసి తూటాలు వేసి, ఏది దగ్గరగా పడుతుందో చూడండి. తేలాక ఆ రకమే సీజన్‌కి సరిపడా ఒకేసారి కొనండి. పెట్టె మీద ఉండే లాట్ నంబరు ఒకటే ఉండేలా చూసుకోండి. కంపెనీ అదే, బరువు అదే అయినా తయారీ విడత మారితే తగిలే చోటు కాస్త మారవచ్చు.

ఈ ఖర్చులో కొంత మళ్లీ అడవికే చేరుతుంది. 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ల మీద, తూటాల మీద 11 శాతం ఎక్సైజ్ పన్ను ఉంటుంది. ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తుంది.

రేంజ్‌కి వెళ్లే ముందు ఇంట్లో

రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాకే మిగతా పని. లీవర్ దించి చాంబర్‌లోకి, లోపలి గొట్టం వైపు కంటితో చూడండి, వేలితో తడమండి. ఆ తర్వాత స్కోప్ మౌంటు స్క్రూలు, రింగుల స్క్రూలు బిగువుగా ఉన్నాయా చూడండి. గురి ఎంతకీ కుదరడం లేదని వాపోయేవాళ్లలో చాలామందికి రైఫిల్‌లో గానీ బుల్లెట్‌లో గానీ దోషం ఉండదు, వదులైన స్క్రూ ఒకటి ఉంటుంది. కొత్త రైఫిల్ బ్యారెల్‌లో ఫ్యాక్టరీ నూనె ఉంటుంది, దాన్ని పొడిగా తుడవండి.

మార్లిన్ 336లో ఖాళీ తొడుగులు పక్కకి పడతాయి కాబట్టి స్కోప్ నేరుగా పైన బిగించుకోవచ్చు. 1982కి ముందు తయారైన విన్‌చెస్టర్ 94లు తొడుగుని నిట్టనిలువునా పైకి విసురుతాయి. వాటికి పక్కకి జరిపి పెట్టే మౌంటు కావాలి, లేకపోతే ఇనప సైట్లతోనే సర్దుకోవాలి. స్కోప్ కింద హ్యామర్‌కి బొటనవేలు సరిగా అందదు. దానికోసం హ్యామర్ పక్కకి బిగించే చిన్న కొమ్ము దొరుకుతుంది, తప్పక కొనండి. చలిలో చేతి తొడుగుతో హ్యామర్‌ని దించుతుంటే వేలు జారడం వల్లే ప్రమాదాలు జరుగుతాయి.

సంచిలో చెవి రక్షణ, కళ్లద్దాలు, అంగుళం గళ్లున్న అట్టలు, ఇసుక సంచులు, స్క్రూడ్రైవర్లు, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి.

మొదట 25 గజాలు

కొత్తగా స్కోప్ బిగించిన రైఫిల్‌ని నేరుగా 100 గజాలకి తీసుకెళ్తే అట్టకి తగలకుండానే సగం పెట్టె ఖాళీ అవుతుంది. 25 గజాల దగ్గర మొదలుపెట్టండి.

బల్ల దగ్గర కూర్చున్నాక రైఫిల్‌ని ఎక్కడ ఆనించాలన్నది లీవర్ యాక్షన్‌లో చాలా ముఖ్యం. ముందు కర్రని ఇసుక సంచి మీద ఉంచాలి. బ్యారెల్‌ని గానీ, గొట్టం చివరని గానీ ఆనించకూడదు. ముందు కర్ర, గొట్టం, బ్యారెల్ పట్టీలతో ఒకదానికొకటి కట్టి ఉంటాయి కాబట్టి ఒకచోట ఒత్తిడి పడితే బుల్లెట్ తగిలే చోటు మారుతుంది. ముందు కర్రకీ సంచికీ మధ్య మీ అరచెయ్యి పెడితే వేటలో పట్టుకునే తీరుకి దగ్గరగా ఉంటుంది. లీవర్ కిందికి దిగడానికి చోటు ఉండేలా సంచులని ఎత్తుగా పేర్చండి. లీవర్‌ని కొసదాకా గట్టిగా దించి, గట్టిగా మూయాలి. భయపడి సగం దించితే తూటా మధ్యలో ఇరుక్కుంటుంది.

ఊపిరి సగం వదిలి ఆపండి. ట్రిగ్గర్‌ని వేలి కొసతో మెల్లగా, నేరుగా వెనక్కి నొక్కండి. ఎప్పుడు పేలుతుందో మీకే తెలియనంత మెల్లగా నొక్కాలి. అలా మూడు వేసి ఆ మూడింటి మధ్య బిందువు చూడండి. ఒక్క తూటా చూసి స్కోప్ తిప్పవద్దు.

ఇప్పుడు లెక్క. చాలా స్కోపుల్లో ఒక క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం జరుపుతుంది. 25 గజాల దగ్గర అదే క్లిక్కు అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది. మీ మూడు తూటాలు నడిమధ్యకి 2 అంగుళాలు ఎడమకి, 1 అంగుళం కిందికి పడ్డాయనుకోండి. కుడికి 32 క్లిక్కులు, పైకి 16 క్లిక్కులు తిప్పాలి. మళ్లీ మూడు వెయ్యండి. 25 గజాల దగ్గర గురి చుక్క మీదే తగులుతుంటే ఇక 100కి వెళ్లవచ్చు.

తర్వాత 100 గజాలు

బుల్లెట్ బ్యారెల్ నుంచి బయల్దేరేది స్కోప్ గీతకి ఒకటిన్నర అంగుళం కింద నుంచి. అది పైకి ఎక్కుతూ మీ చూపు గీతని దాటి, ఆ తర్వాత మళ్లీ కిందికి దిగుతుంది. 30-30లో మామూలు చదును ముక్కు 150 గ్రెయిన్ల బుల్లెట్‌ని సరిగ్గా 100 గజాలకి గురిచేస్తే 200 గజాల దగ్గర 8 అంగుళాల దాకా కిందికి పడుతుంది. 100 దగ్గర 2 అంగుళాలు పైన తగిలేలా పెట్టుకుంటే 150 గజాల చుట్టుపక్కల గురి మీద పడుతుంది, 200 దగ్గర 4 అంగుళాలకి కాస్త అటూ ఇటూగా దిగుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. అందుకే 30-30కి స్కోప్ పెట్టినవాళ్లకి 100 గజాల దగ్గర 2 అంగుళాల ఎత్తు సరైన అమరిక అంటాను. ఇలా పెడితే 150 గజాల లోపల పైకి చూడాలా, కిందికి చూడాలా అని లెక్కలు వేసుకోనక్కర్లేదు. నేరుగా గురిపెట్టి కాల్చవచ్చు.

మెత్తటి మొన ఉన్న లీవరెవల్యూషన్ 160 గ్రెయిన్ల తూటాలు ఇంకా చదునుగా పోతాయి. వాటిని 100 దగ్గర 3 అంగుళాల ఎత్తున పెడితే 200 దగ్గర గురి మీద పడతాయని కంపెనీ పట్టిక చెబుతుంది. మామూలు 150కి కుదిర్చిన స్కోప్‌తో ఈ తూటా వేస్తే, లేదా దీనికి కుదిర్చి అది వేస్తే, తగిలే చోటు మారిపోతుంది. తూటా మార్చారంటే గురి మళ్లీ మొదటి నుంచి కుదర్చాల్సిందే.

100 దగ్గర మీ మూడు తూటాలు 1 అంగుళం ఎత్తున పడితే, 2 అంగుళాలకి తేవడానికి పైకి 4 క్లిక్కులు. మళ్లీ మూడు వేసి నిర్ధారించుకోండి. ప్రతి మూడింటికీ మధ్య బ్యారెల్ చల్లారనివ్వండి. వేడెక్కిన సన్నటి బ్యారెల్, పట్టీలు సాగి తూటాలని వేరేచోట వేస్తాయి. టెక్సాస్ సెప్టెంబరు ఎండలో ఇది ఇంకా ఎక్కువ, రైఫిల్‌ని నీడలో నిలబెట్టండి. పొలంలో మీరు కాల్చేది చల్లటి బ్యారెల్‌తో మొదటి తూటాయే. కాబట్టి రేంజ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆ మొదటి తూటా ఎక్కడ పడిందో విడిగా రాసి పెట్టుకోండి.

మూడు తూటాలు 100 గజాల దగ్గర 3 అంగుళాల లోపు పడితే లీవర్ యాక్షన్‌కి అది చక్కటి ఫలితం. జింకకి అంతకన్నా అక్కర్లేదు. అర అంగుళం కోసం పెట్టెలకి పెట్టెలు ఖాళీ చెయ్యవద్దు.

ఇనప సైట్లు ఉన్నవాళ్లకి

స్కోప్ లేకపోతే నియమం ఇది. వెనక సైటుని బుల్లెట్ ఎటు వెళ్లాలో అటే జరపాలి, ముందు సైటుని దానికి ఎదురు దిక్కుకి జరపాలి. బుల్లెట్లు ఎడమకి పడుతుంటే వెనక సైటుని కుడికి జరపండి. కిందికి పడుతుంటే వెనక సైటుని ఎత్తండి.

ఎంత జరపాలో లెక్క కట్టవచ్చు. రెండు సైట్ల మధ్య దూరాన్ని అంగుళాల్లో కొలవండి, 16 అనుకుందాం. 100 గజాలంటే 3,600 అంగుళాలు. బుల్లెట్ 4 అంగుళాలు కుడికి రావాలంటే, 4ని 16తో గుణించి 3,600తో భాగించాలి. వచ్చేది అంగుళంలో దాదాపు వందింట రెండు వంతులు, అర మిల్లీమీటరు కూడా కాదు. అందుకే సైటుని ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టాలి. మొదలుపెట్టే ముందు సైటుకీ బ్యారెల్‌కీ కలిపి పెన్సిల్‌తో ఒక గీత గీసుకుంటే ఎంత జరిగిందో కంటికి కనిపిస్తుంది.

పైకీ కిందికీ జరపడానికి వెనక సైటు కింద మెట్లున్న చిన్న రేకు ఉంటుంది. ఒక్క మెట్టుకే 100 గజాల దగ్గర కొన్ని అంగుళాల తేడా వస్తుంది. రెండు మెట్ల మధ్య గురి ఆగిపోతే ముందు సైటు మార్చాల్సి ఉంటుంది. పైకి పడుతుంటే ఎత్తైన ముందు సైటు, కిందికి పడుతుంటే పొట్టిది. నలభై దాటి దగ్గరి చూపు మసకబారుతున్నవాళ్లకి రిసీవర్ మీద బిగించే పీప్ సైటు మంచి ఉపాయం. విలియమ్స్, స్కిన్నర్ లాంటి కంపెనీలు వీటిని చేస్తాయి. దాని రంధ్రంలోంచి చూస్తే చాలు, వెనక సైటు మీద చూపు నిలపాల్సిన పని ఉండదు.

ఇనప సైట్లతో సరిగ్గా 100 గజాలకి గురి కుదుర్చుకుని, అంతకి మించి కాల్చకుండా ఉండటం మంచిది.

బల్ల వదిలి లేవండి

బల్ల మీద కుదిరిన గురి రైఫిల్ గురి మాత్రమే. మీ గురి వేరు. పొలంలో ఇసుక సంచులు ఉండవు. మూడో శనివారం బల్ల వదిలి, నేల మీద కూర్చుని మోకాళ్ల మీద మోచేతులు ఆనించి, చెట్టుకి ఆనుకుని, కాల్పు కర్రల మీద పెట్టి కాల్చడం సాధన చెయ్యండి. 8 అంగుళాల గుండ్రటి కాగితం పెట్టుకుని 50 గజాల నుంచి ఐదు తూటాలు వెయ్యండి. ఐదూ అందులో పడితే 75కి వెళ్లండి, తర్వాత 100కి. ఐదింట్లో ఒక్కటి బయటపడినా, దానికి ముందు దూరమే ఈ ఏడాది మీ హద్దు. రైఫిల్ ఎంత దూరం కొట్టగలదన్నది దీన్ని మార్చదు.

భుజానికి దెబ్బ తగులుతుందన్న భయంతో కళ్లు మూసుకోవడం, ట్రిగ్గర్‌ని గుంజడం చాలామందికి అలవాటవుతుంది. దానికి మందు ఇంట్లోనే ఉంది. తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ రైఫిల్‌లో డమ్మీ తూటా పెట్టి, గోడ మీది చుక్క మీంచి గురి కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం రోజూ పది నిమిషాలు చెయ్యండి. ఆఫీసు నుంచి వచ్చాక పది నిమిషాలంటే ఎవరికైనా దొరుకుతాయి. కొత్తవాళ్లు మొదటి రైఫిల్‌గా 45-70 లాంటి పెద్ద తూటాల వైపు వెళ్లకపోవడమే మంచిది. వాటి తన్నుకి పట్టుకునే భయం వదిలించుకోవడం కష్టం.

జింక ఎదురుగా ఉన్నప్పుడు

జింక మీకు పూర్తిగా పక్కవాటుగా నిలబడాలి, లేదా మీ నుంచి కాస్త అవతలికి తిరిగి ఉండాలి. ముందు కాలి వెనక అంచు వెంబడి పైకి చూపు పోనిచ్చి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపండి. మీకు ఎదురు తిరిగి ఉన్నా, పరుగెడుతున్నా, వెనక ఇంకో జింక ఉన్నా, కొండ మీద నిలబడి వెనక ఆకాశమే కనిపిస్తున్నా కాల్చకండి. కాల్చిన వెంటనే కన్ను తియ్యకుండా లీవర్ ఆడించి రెండో తూటా సిద్ధం చేసుకోండి. జింక పరుగెత్తి మాయమైతే ఎక్కడ నిలబడిందో, ఎటు వెళ్లిందో గుర్తుపెట్టుకుని అరగంట కదలకండి. వెంటపడితే గాయపడిన జింక ఇంకా దూరం పారిపోతుంది. ఆ తర్వాత రక్తపు జాడ పట్టుకుని, దొరికేదాకా వెతకడం మీ విధి. మర్నాడు ఆదివారం ఇంట్లో ఏ పని ఉన్నా ముందు ఇది.

మూడు శనివారాల లెక్క

సెప్టెంబరులో ఒక శనివారం రెండు మూడు రకాల తూటాలు పరీక్షించి ఒకటి ఎంచుకోండి. అక్టోబరు మొదట్లో ఇంకో శనివారం దానికే 25, 100 గజాల దగ్గర గురి కుదర్చండి. గొట్టం నిండా తూటాలు నింపి లీవర్‌తో వరుసగా ఎక్కుతున్నాయో లేదో కూడా ఆ రోజే చూడండి. అక్టోబరు మూడో వారంలో మరో శనివారం బల్ల వదిలి సాధన చేసి మీ హద్దు తేల్చుకోండి. తూటా పేరు, బరువు, 100 గజాల దగ్గర ఎత్తు, మీ హద్దు, ఈ నాలుగూ ఒక చిన్న చీటీ మీద రాసి రైఫిల్ వెనక కర్రకి అంటించండి. లీజుకి చేరిన సాయంత్రం, యజమాని అనుమతి ఉంటే, ఒక్క తూటా వేసి చూడండి. ప్రయాణంలో రైఫిల్ పడినా, స్కోప్‌కి దెబ్బ తగిలినా మూడు వేసి చూడకుండా వేటకి దిగకండి.

ఆఫీసు డెడ్‌లైన్లు, పిల్లల పరీక్షలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు. ఏదో ఒక కారణంతో ఈ మూడు శనివారాలు దొరక్కపోవచ్చు. అలాంటి ఏడాది స్నేహితులతో లీజుకి వెళ్లండి, వాళ్లతో కూర్చోండి, జింకల నడక గమనించండి, వంటలో చెయ్యి వెయ్యండి, కానీ రైఫిల్ ఇంట్లోనే తాళం వేసి ఉంచండి. లైసెన్సు డబ్బు, లీజు డబ్బు వృథా అయ్యాయని బాధపడనక్కర్లేదు. గురి కుదరని రైఫిల్‌తో ఒక ప్రాణి మీద కాల్చే హక్కు ఏ లైసెన్సూ ఇవ్వదు. వచ్చే ఏడు సెప్టెంబరులో మొదలుపెట్టండి.